ఎల్లలు - బాటసారులు

'సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు' అని తెలుగులో ఒక సామెత ఉన్నది. సుంకరి అంటే దారిలో సుంకం వసూలు చేసేవాడు. ఇంట్లో జబ్బు ఉన్నదని, పంట పోయిందని ఎంత చెప్పుకొన్నా అతడు అడిగేది సుంకమే. వినేవాడు లేనిచోట చెప్పుకోవడం వృథా అని దీని భావం. తరతరాలుగా బాటసారులు పడిన ఇబ్బందిలో నుండి పుట్టిన సామెత ఇది.

ఊరికీ ఊరికీ మధ్య పొలిమేర ఉంటుంది. దానిని దాటడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రాజ్యానికీ రాజ్యానికీ మధ్య సరిహద్దు ఉంటుంది. అక్కడ కావలి ఉంటుంది. 'ఎవరు నీవు? ఎక్కడికి పోతున్నావు? మూటలో ఏమున్నది?' అనే ప్రశ్నలు ఉంటాయి. నేడు రహదారి అంటే పెద్ద బాట. పూర్వం దారిలో పోవడానికి అధికారులు వ్రాసి ఇచ్చే అనుమతి పత్రాన్ని కూడా రహదారి అనేవారు. పత్రం ఉన్నవానికే బాట అని ఈ మాటే చెబుతుంది.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన మద్రాసు నుండి కాశీకి బయలుదేరాడు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి. సుమారు వంద మంది పరివారంతో తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాణం చేసి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దారిలో చూచిన విషయాలన్నీ వ్రాసి పెట్టాడు. ఆ రచన 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో 1838లో అచ్చయింది. ఆనాడు శ్రీశైలం కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. స్వామి దర్శనానికి పోయే యాత్రికులు నవాబుకు పన్ను కట్టవలసి వచ్చేది. పలుకుబడి గల వీరాస్వామయ్య వంటి వారికే దారిలో ఇన్ని చిక్కులుంటే, బీద యాత్రికుని గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని తెక్కలకోట వాసులకు ఎల్లల సంగతి బాగా తెలుసు. ఇది చాలా పాత ఊరు. 1963-64లో ఇక్కడి కొండలపై జరిగిన తవ్వకాలలో నవీన శిలాయుగం నాటి మనుషుల నివాసాలు బయటపడ్డాయి. ఏ రాజ్యమూ, ఏ ఎల్లా లేని కాలం నుండి ఇక్కడ జనం ఉన్నారన్నమాట. ఊరికి పడమటి దిక్కున కొద్ది దూరంలో తుంగభద్ర పారుతుంది. తూర్పున ఆదోని, ఆలూరు ప్రాంతాలు ఉన్నాయి. ఊరిలో కన్నడమూ, తెలుగూ రెండూ వినిపిస్తాయి.

1800వ సంవత్సరంలో నిజాం నవాబు బళ్లారి, కడప మొదలైన ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. వీటినే దత్తమండలాలు అన్నారు. ఆనాటి నుండి ఈ ప్రాంతంలో తుంగభద్రకు కుడి గట్టు ఇంగ్లీషువారిది, ఎడమ గట్టు నిజాముది. నదిని పుట్టిలో దాటితే చాలు, ప్రభుత్వం మారిపోయేది. నిజాం రాజ్యంలో సుంకాలు వసూలు చేసే శాఖను కరోడ్‌గిరి అనేవారు. 1802 నాటి వాణిజ్య ఒడంబడిక ప్రకారం సరకు విలువలో నూటికి 5 వంతున సుంకం ఉండేది. నాణెం కూడా వేరే. నిజాం రూపాయిని హాలీ సిక్కా అనేవారు. అవి సుమారు 7 ఇస్తే ఇంగ్లీషు రూపాయలు 6 వచ్చేవి. ఏటికి ఇవతల అమ్మిన సరకు డబ్బు ఏటికి అవతల చెల్లాలంటే మారకం కావలసిందే. లెక్క తెలియని రైతు ఆ మారకంలోనూ నష్టపోయేవాడు.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. హైదరాబాదు మాత్రం భారతదేశంలో చేరలేదు. అప్పటివరకు సుంకానికి పరిమితమైన ఎల్ల అప్పుడు ప్రాణభయంతో నిండిపోయింది. రజాకార్ల దౌర్జన్యాలకు వెరచి ఎందరో కుటుంబాలతో సహా నిజాం రాజ్యం వదలి, చుట్టూ ఉన్న భారత ప్రాంతాలకు తరలిపోయారు. వారి దృష్టిలో ఎల్ల అడ్డంకి కాదు, దానిని దాటితేనే రక్షణ. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. 5 రోజులలో నిజాం లొంగిపోయాడు.

తరువాత ఎల్లలు మళ్లీ కదిలాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్లారి జిల్లాను విభజించి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రలో కలిపారు. సిరుగుప్ప తాలూకా మైసూరు రాష్ట్రంలో చేరింది. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా కూడా మైసూరులో కలిసింది. దీనితో పడమట తుంగభద్ర ఎల్ల కాకుండా పోయింది. తూర్పున కొత్త ఎల్ల నిలిచింది. పూర్వం సింధనూరుకు పోవడం పరరాజ్యానికి పోవడం, ఆదోనికి పోవడం సొంత జిల్లాలో తిరగడం. 1956 తరువాత సింధనూరు సొంత రాష్ట్రం, ఆదోని పొరుగు రాష్ట్రం. తెక్కలకోట ఉన్నచోటనే ఉన్నది. ఎల్ల మాత్రం పడమటి నుండి తూర్పుకు మారింది.

రాష్ట్రాల ఎల్ల దేశాల ఎల్ల వంటిది కాదు. భారత పౌరులు దేశమంతటా స్వేచ్ఛగా సంచరించవచ్చునని రాజ్యాంగంలోని 19వ అధికరణం చెబుతున్నది. దేశంలో వర్తకం స్వేచ్ఛగా సాగాలని 301వ అధికరణం చెబుతున్నది. అయినా రాష్ట్రాల మధ్య చాలాకాలం అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఉండేవి. కాగితాలు చూపడానికి లారీలు బారులు తీరి గంటల తరబడి నిలిచేవి. ఎండకు వాడే కూరగాయలను, చెడిపోయే పండ్లను తెచ్చినవారికి ఆ గంటలే నష్టం. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చిన తరువాత చాలా రాష్ట్రాలు వాటిని వెంటనే ఎత్తివేశాయి.

ఎల్లలు ఇక పేరుకే మిగిలాయని అనుకొనే వేళ 2020లో కరోనా వ్యాధి వచ్చింది. రోగం వ్యాపించకుండా ఆపడం ప్రభుత్వాల బాధ్యత. అందుకోసం రాష్ట్రాల ఎల్లల వద్ద కావలి పెట్టారు. అనుమతి పత్రం ఉంటేనే పోనిచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో తమిళనాడులోని వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు వైపు పోయే రెండు దారులకు అడ్డంగా గోడలే కట్టించారు. విమర్శలు రాగా వాటిని తొలగించారు. ఆగస్టు 29న కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల మధ్య ప్రయాణానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదని మార్గదర్శకాలు ఇచ్చింది.

మరుసటి ఏడు ఇంకా కఠినమైన పరీక్ష ఎదురైంది. తెక్కలకోట దాపున పారే తుంగభద్ర మంత్రాలయం మీదుగా కర్నూలు చేరుతుంది. అక్కడ నది దాటితే తెలంగాణ. 2021 మే నెలలో కరోనా రోగులను హైదరాబాదు ఆసుపత్రులకు తీసుకుపోతున్న అంబులెన్సులను పుల్లూరు వద్ద పోలీసులు ఆపారు. ముందుగా ఆసుపత్రిలో మంచం ఖాయం చేసుకొని అనుమతి పొందాలన్నది నిబంధన. తమ ఊళ్ల రోగులకే మంచాలు చాలని రోజులు అవి. ఆ ఆలోచనలో కొంత న్యాయం లేకపోలేదు. కాని ఊపిరి అందని మనిషి ఎల్ల దగ్గర ఎంతసేపు ఆగగలడు? మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసింది. బాటసారి గోడు వినడానికి ఒక న్యాయస్థానం ఉండడం సుంకరి నాటికీ నేటికీ ఉన్న పెద్ద తేడా.

దేశాల మధ్య కూడా ఎల్లలన్నీ ఒక్క తీరుగా ఉండవు. సాధారణంగా పొరుగు దేశానికి పోవాలంటే పాస్‌పోర్టు, వీసా కావాలి. భారత నేపాల్ దేశాలు 1950లో స్నేహ ఒడంబడిక చేసుకొన్నాయి. ఈ రెండు దేశాల ప్రజలు ఎల్ల దాటడానికి వీసా అక్కరలేదు. ఐరోపాలో రెండు ప్రపంచ యుద్ధాలలో పోరాడిన దేశాలే 1985లో షెంగెన్ ఒప్పందం చేసుకొని, 1995 నుండి తమ మధ్య తనిఖీలను తొలగించాయి. స్నేహం ఉంటే కావలి తేలికవుతుంది. అనుమానం పెరిగితే కంచె పెరుగుతుంది.

కావలివాని పని అడగడం. అడగడం తప్పు కాదు. దొంగ సరకు, ఆయుధాలు, అంటురోగాలు ఎల్ల దాటకుండా చూడడం అందరి మేలు కోసమే. ఎండలో, వానలో, రాత్రివేళ నిలబడి ఆ పని చేసేవాడు కూడా ఒక ఇంటి బిడ్డే. అయితే గర్భిణిని, రోగిని, చంటిబిడ్డ తల్లిని నిలబెట్టి ఉంచకుండా ముందు పంపడం, ఆపితే కారణం చెప్పడం, సొమ్ము తీసుకొంటే రసీదు ఇవ్వడం అతని ధర్మం. నిజం చెప్పడం, కాగితాలు దగ్గర ఉంచుకోవడం, మర్యాదగా బదులివ్వడం బాటసారి ధర్మం.

ఎల్ల దగ్గర చాలా గొడవలు మాట అర్థం కాక పుడతాయి. అడిగేవాని భాష ఒకటి, చెప్పేవాని భాష మరొకటి అయితే నిజం కూడా అబద్ధంలా వినబడుతుంది. తెక్కలకోట వంటి ఊళ్లలో పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం నేర్చుకొని పెరుగుతారు. వారిలో కొందరు రేపు ఖాకీ బట్టలు తొడిగి ఎల్ల దగ్గర నిలబడవచ్చు. అటు నుండి వచ్చిన ముసలివానిని అతని మాటలోనే పలకరించి, ఏమి కావాలో అడిగి తెలుసుకోగలరు. ఆ సాయానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

పదాలు - అర్థాలు
ఎల్ల = సరిహద్దు, హద్దు
ద్విభాషి = ఒక భాషలోని మాటలను మరొక భాషలో చెప్పేవాడు
ఏలుబడి = పరిపాలన
మారకం = ఒక నాణెం ఇచ్చి మరొక నాణెం తీసుకోవడం
ఒడంబడిక = ఒప్పందం
గోడు = బాధతో చెప్పుకొనే మాట

ప్రశ్నలు
1. 'సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు' అనే సామెత భావం ఏమిటి?
2. తుంగభద్రను దాటే రైతుకు నిజాం కాలంలో ఏ ఏ ఇబ్బందులు కలిగేవి?
3. తెక్కలకోట కదలకున్నా దాని ఎల్ల ఎలా మారింది?
4. 2021లో పుల్లూరు వద్ద ఏమి జరిగింది? అంబులెన్సులను ఆపడం సరియైనదేనా? రెండు వైపుల వాదాలూ వ్రాయండి.
5. కావలివాని ధర్మాలను, బాటసారి ధర్మాలను వేరువేరుగా వ్రాయండి.
6. మీ ఇంటి పెద్దలను అడిగి, వారు ఎల్ల దాటిన అనుభవాన్ని పది వాక్యాలలో వ్రాయండి.