ఆదివారం నోటుబుక్కు తెరవాలంటే గుండె దడ

సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా హైదరాబాద్‌లో పోటీ పరీక్షల అభ్యర్థులుండే అశోక్‌నగర్, చిక్కడపల్లి రూముల నుంచే వచ్చాయి. వారానికోసారి చదువు లెక్క చూసుకుని, వచ్చే వారానికి ప్లాన్ వేసుకోవడం గురించే దాదాపు అందరి బెంగ.

ప్రశ్న: గ్రూప్‌–2కి చదువుతున్నాను. ప్రతి ఆదివారం రాత్రి టైంటేబుల్ రాసుకుంటాను. శనివారానికి అందులో సగం కూడా పూర్తి కాదు. ఇప్పుడు ఆ నోటుబుక్కు తెరవాలంటేనే గుండె దడగా ఉంటోంది. నాకు క్రమశిక్షణ లేదంటారా?
– ఓ అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: కంగారు పడకండి, సగం మిగిలిపోవడం చాలా మామూలు. ఏ పనికైనా పట్టే సమయాన్ని మనం తక్కువగానే అంచనా వేస్తామని కానమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. దీన్ని ప్లానింగ్ ఫాలసీ అంటారు. ప్లాన్ రాసేటప్పుడు ఊరి నుంచి వచ్చే ఫోన్లు, మెస్ భోజనం పడక వచ్చే కడుపునొప్పి ఎవరికీ గుర్తుకురావు. ఈ ఆదివారం ముందుగా పోయిన వారం నిజంగా ఎన్ని గంటలు కూర్చున్నారో రాయండి. వచ్చే వారానికీ అన్నే గంటలు పెట్టుకుని, ఒక పూట ఖాళీగా వదిలేయండి.

ప్రశ్న: మూడు వారాలు వరుసగా లెక్క చూసుకున్నాను. నాలుగో వారం అక్క పెళ్లికి ఊరెళ్లి మానేశాను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?
– నగర కేంద్ర గ్రంథాలయం పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: అక్కర్లేదు, ఒక వారం తప్పితే అలవాటు చెడిపోదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో ఒక పరిశోధన ప్రచురించింది. రోజూ చేసే చిన్న పని అలవాటు కావడానికి సుమారు 66 రోజులు పడుతుందని, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అందులో తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. మీది వారానికోసారి చేసే పని కాబట్టి ఇంకా నిదానంగా కుదురుతుంది. నెలంతా తప్పిపోతే మాత్రం, పెట్టుకున్న పని పెద్దదైందేమో చూసి తగ్గించండి.

ప్రశ్న: ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు, ఆపైన ఈ చదువు. యూట్యూబ్‌లో చూపించినట్టు ఆదివారం రంగు పెన్నులతో గంటన్నర కూర్చోవడం నా వల్ల కావట్లేదు. వదిలేయనా?
– ఓ ఉద్యోగిని, నారాయణగూడ

జవాబు: వదలకండి, కానీ రంగు పెన్నులు మీకు అక్కర్లేదు. ఇరవై నిమిషాలు చాలు, ఆదివారమే కానక్కర్లేదు. ఏది అయింది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది అని మూడు సంగతులు రాస్తే సరిపోతుంది. వీటిలో నేను ఎక్కువ విలువిచ్చేది మూడోదానికి. ‘చదవలేదు’ అని రాసుకుంటే మనసు చివుక్కుమంటుంది గానీ దారి దొరకదు. ‘బుధవారం పాపకి జ్వరం, రాత్రి పదకొండుకు కూర్చున్నా, ఎకానమీ రెండు పేజీలకే కునుకు’ అని రాసి చూడండి. ఎకానమీ ఆ వేళకు ఎక్కదనీ, పిల్లలు లేవకముందు అరగంట పెట్టుకోవాలనీ మీకే తడుతుంది.

ప్రశ్న: 2022 అక్టోబరులో తెలంగాణ గ్రూప్‌–1 ప్రిలిమ్స్ రాశాను, రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాను, అదీ రద్దయింది. అప్పటినుంచి ప్లాన్ రాయడానికి చేయి రావడం లేదు. నాలో ఏదైనా లోపముందా?
– ఓ అభ్యర్థి, బషీర్‌బాగ్

జవాబు: లోపం ఏమీ లేదు, అంత దెబ్బ తగిలాక ఎవరికైనా అలాగే ఉంటుంది. ఒకసారి పేపర్ లీకేజీ, ఇంకోసారి హైకోర్టు తీర్పు. 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ 2024 ఫిబ్రవరిలో గానీ పడలేదు, ప్రిలిమ్స్ జూన్ 9న గానీ జరగలేదు. ఈ మధ్యలో కూలిపోయిన టైంటేబుళ్లకు మీరు బాధ్యులు కారు, ఈ మాట మీరు మనస్ఫూర్తిగా నమ్మాలి. పరీక్ష తేదీ మీ చేతిలో లేదు కాబట్టి దాన్ని నోటుబుక్కులో రాయకండి, రాబోయే ఏడు రోజులే చూడండి. ఆ ఏడు రోజులకు కొత్తది ఒకటి, తిరగేసేది ఒకటి చాలు. తిరగేయనిది ఎంత త్వరగా మరుపున పడుతుందో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో చూపించాడు. మూడు వారాల కిందట చదివిన ముల్కీ నిబంధనలో, 1969 ఉద్యమమో తీసుకుని, పుస్తకం మూసి గుర్తున్నంత తెల్లకాగితం మీద రాయండి. సగమే వచ్చినా భయపడకండి, రాని సగమే వచ్చే వారం పని.

ప్రశ్న: మా అబ్బాయి అశోక్‌నగర్‌లో ఉండి చదువుకుంటున్నాడు. ఇదివరకు ప్రతి ఆదివారం ఏం చదివాడో ఫోన్లో చెప్పేవాడు. ఇప్పుడు అడిగితే చిరాకు పడుతున్నాడు.
– ఓ తల్లి, సూర్యాపేట

జవాబు: అమ్మా, చిరాకు ఒక్కటే అయితే దిగులు పడకండి, పరీక్షల కాలంలో అది ఉండేదే. చదువు లెక్క అతన్నే చూసుకోనివ్వండి, మీరు తిన్నావా, నిద్రపట్టిందా అని అడగండి. రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, స్నేహితులతో మాటలు మానేసినా మానసిక వైద్యులకు చూపించండి. ‘నేను మీకు బరువు’, ‘ఇక బతకను’ లాంటి మాట వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే ఎవరో ఒకరు అతని పక్కన ఉండాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు అబ్బాయికీ, అతని రూమ్మేట్‌కీ ఇవాళే పంపండి.