తివాచీల పరిశుభ్రత: కడుగు ద్రావణము, జాడింపు నీరు

అండమాన్ దీవులలో సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. గాలిలో తేమ అధికము. 2024లో శ్రీ విజయపురముగా పేరు మారిన పోర్ట్ బ్లెయిరు హోటళ్ళలోను, కార్యాలయములలోను పరచిన తివాచీలపై బురద, ఇసుక, జిడ్డు నిత్యము చేరుచుండును. తడి మిగిలిన తివాచీలో బూజు పెరుగును. దుమ్ములోని సూక్ష్మకీటకములు వృద్ధిచెందును. ఇవి ఉబ్బసము గలవారికి ఆయాసము కలిగించును. కావున తివాచీ చూపునకు తెల్లబడుట చాలదు. అందులో మురికిగాని, మందుగాని, తడిగాని మిగులరాదు.

1. ముందు పొడి మురికి

తివాచీలోని మురికిలో హెచ్చుభాగము పొడి ధూళియే. దానిపై నీరు పోసినచో బురదయై పోగుల అడుగునకు దిగును. గరుకైన ఇసుక అడుగుల ఒత్తిడికి పోగులను కోయును. కావున ధూళిని పీల్చు యంత్రముతో నిదానముగా, రెండు దిక్కులకును లాగవలెను.

2. కడుగు ద్రావణము

జిడ్డును క్షారము వదలించును. నైలాను, పాలీప్రొపిలీను తివాచీలకు పి.హెచ్. 10 మించని ద్రావణము తగును. ఉన్నికి క్షారము హాని చేయును, దానికి పి.హెచ్. 5.5 నుండి 8 లోపలి ద్రావణమునే ఎన్నవలెను. చాకలి సోడా ఉన్నిపై వాడరాదు. ఏ ద్రావణమునైనను ముందుగా కనబడని మూలలో పరీక్షింపవలెను. డబ్బాపై వ్రాసిన కొలత మీరరాదు. మందు హెచ్చినకొలది శుభ్రత హెచ్చదు.

3. జాడింపు

"కడిగిన వారమునకే మరల నల్లబడినది" అని పలువురు వాపోవుదురు. పోగులలో మిగిలిన సబ్బు జిగురై కొత్త ధూళిని పట్టుటయే దీనికి ముఖ్యకారణము. నాలుగు లీటర్ల మంచినీటిలో నూరు మిల్లీలీటర్ల తెల్ల వెనిగరు కలిపి జాడించినచో మిగిలిన క్షారము విరుగును. తడి పోగులపై అదిమిన ఎర్ర లిట్మసు కాగితము నీలమైనచో క్షారము ఇంకను ఉన్నదని గ్రహించి మరల జాడింపవలెను. మంచినీటికి కొరత యున్నను సముద్రపు నీరు వాడరాదు; మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాగి తివాచీని చెమ్మగా ఉంచును.

4. ఆరబెట్టుట

నీటిని యంత్రముతో పీల్చి, పంకాలు వేసి, 24 గంటలలోపల పూర్తిగా ఆరబెట్టవలెను. 24 నుండి 48 గంటలు తడి నిలిచినచో బూజు మొదలుకాగలదు. పెద్ద కడుగుడు పనిని వానలు తక్కువగా నుండు ఫిబ్రవరి, మార్చి నెలలలో పెట్టుకొనుట మేలు.

హెచ్చరిక

బ్లీచింగు ద్రావణమును వెనిగరుతోగాని, మరుగుదొడ్లు కడుగు ఆమ్లముతోగాని ఎన్నడును కలుపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడును. అమ్మోనియాతో కలిపినను విషవాయువులే పుట్టును. ఘాటు తగిలినవారిని వెంటనే ఆరుబయటకు చేర్చి, దగ్గుగాని ఆయాసముగాని తగ్గనిచో వైద్యునికి చూపవలెను. మందులను పానీయముల సీసాలలో నిలువచేయరాదు. పనివారికి రబ్బరు చేతితొడుగులు ఇచ్చుట, తలుపులు తెరిపించుట యజమాని ధర్మము. తివాచీ పాడైనచో మరల కొనవచ్చును; పాడైన ఊపిరితిత్తులను కొనలేము.