అప్పు గడువు వీసా గడువును దాటకూడదు

బాచుపల్లి,
హైదరాబాద్.

చిరంజీవి మేనకోడలిని అత్తయ్య ఆశీర్వదించి రాయునది.  

ఉద్యోగం ఫ్రిస్కోలో వచ్చిందనీ, కారు లేకుండా రోజు గడవడం కష్టంగా ఉందనీ చెప్పావు. కొత్త ఎస్‌యూవీ 72 నెలల అప్పు మీద ఇస్తామన్నారనీ, నెలకు కట్టేది తక్కువే కదా అనీ అడిగావు. టెక్సస్‌లో చాలా ఏళ్లు ఉద్యోగం చేసొచ్చినదాన్ని కాబట్టి అన్నయ్య నన్నే చెప్పమన్నాడు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. ఉత్తరమైతే డీలర్ దగ్గరికి వెళ్లే ముందు ఇంకోసారి చదువుకుంటావని రాస్తున్నాను.

ఇక్కడ వీఎన్‌ఆర్‌లో చదువుకున్న నాలుగేళ్లూ కాలేజీ బస్సుతో, నీ స్కూటీతో, దూరం వెళ్లాలంటే మియాపూర్ మెట్రోతో సరిపోయింది. ఉత్తర డాలస్‌లో ఆ సౌకర్యం లేదు. డాలస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్ నడిపే రైళ్లు రిచర్డ్‌సన్, ప్లేనో దాకా వస్తాయి. 2025 అక్టోబరులో మొదలైన సిల్వర్ లైన్ యూటీ డాలస్ యూనివర్సిటీని విమానాశ్రయంతో కలిపింది. కానీ ఫ్రిస్కో, మెకిన్నీ డార్ట్‌లో చేరిన ఊళ్లు కావు. కాబట్టి కారు నీకు అవసరమే, అందులో నాకు అనుమానం లేదు. ఆలోచించాల్సింది ఏ కారు, ఎంత అప్పు అనే.

అక్కడ పుట్టి పెరిగినవాళ్లు కారు కొనేటప్పుడు జీతం చూసుకుంటే చాలు. నువ్వు జీతంతో పాటు నీ ఈఏడీ (ఉద్యోగ అనుమతి) కార్డు మీద తేదీ కూడా చూసుకోవాలి. ఓపీటీ, అంటే చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు. నీది స్టెమ్ డిగ్రీ కాబట్టి పొడిగింపు దొరికితే ఇంకో 24. మొత్తం 36 నెలలు. ఈలోగా హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేరు వస్తే సంతోషం, కానీ అది మన చేతిలో లేదు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు, స్టెమ్ పొడిగింపుతో కలిపితే 150. హెచ్-1బీ వచ్చాక ఉద్యోగం పోతే ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అక్కడ ఉండటానికి 36 నెలల అనుమతి ఉన్న మనిషి 72 నెలల అప్పు మీద సంతకం పెట్టడం తగదు.

అందుకే నీకు ఒకే ఒక్క కొలత చెబుతున్నాను. రేపు ఉద్యోగం పోయి 60 రోజుల్లో ఇంటికి బయల్దేరాల్సి వచ్చిందనుకో. ఆ కారు అమ్మితే అప్పు మొత్తం తీరాలి, నువ్వు చేతి డబ్బు వేయాల్సిన పని ఉండకూడదు. అలా తీరే కారే నీ కారు. తీరనిది ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు.

లెక్క వేసి చూపిస్తాను. 20,000 డాలర్లు 9 శాతం వడ్డీకి 72 నెలలకు తీసుకుంటే నెలకు దాదాపు 360 డాలర్లు. మొత్తం మీద వడ్డీ దాదాపు 5,960. ఏడాది కట్టాక కూడా ఇంకా 17,370 బాకీ ఉంటుంది. కొత్త కారు విలువ మొదటి ఏడాదిలోనే బాగా పడిపోతుంది. ఆ రోజు దానికి 15,000 వస్తే మిగతా 2,370 నీ జేబులోంచి పోవాలి, అదీ జీతం లేని నెలలో. అదే అప్పు 36 నెలలకైతే నెలకు 636 కట్టాలి, కానీ వడ్డీ 2,900 దగ్గర ఆగుతుంది, ఏడాదికి బాకీ 13,920కి దిగుతుంది. నెలకు 636 బరువనిపిస్తే అర్థం ఒకటే, ఆ కారు నీ స్థోమతకు మించింది. అప్పు నెలలు పెంచకు, కారు ధర తగ్గించుకో.

తిరిగి వచ్చేటప్పుడు కారు ఓడలో తెచ్చుకుందామా అని మీ అమ్మ అడిగింది. కుదరదు. అక్కడివి స్టీరింగ్ ఎడమ వైపున్న కార్లు. మన దిగుమతి నిబంధనల ప్రకారం విదేశం నుంచి తెచ్చే వాడిన కారుకు స్టీరింగ్ కుడి వైపు ఉండాలి. అమ్మడమొక్కటే దారి. అప్పు అలాగే వదిలేసి విమానం ఎక్కేయవచ్చని చెప్పేవాళ్లు ఎదురైతే వినకు. నీతో పాటు ఎవరైనా సంతకం చేసి ఉంటే వాళ్ల నెత్తిన ఆ భారం పడుతుంది. రేపు మళ్లీ ఆ దేశానికి వెళ్లాలనుకుంటే నీ క్రెడిట్ చరిత్ర నీకంటే ముందే అక్కడ ఉంటుంది.

కొత్తదా, పాతదా అంటే నా తీర్పు, నాలుగైదేళ్ల వయసున్న సెడాన్. టొయోటా కొరోలా, క్యామ్రీ, హోండా సివిక్, అకార్డ్ మన పిల్లలు ఎక్కువగా కొనడానికి కారణం ఉంది. విలువ నెమ్మదిగా తగ్గుతుంది, అమ్మకానికి పెడితే త్వరగా పోతాయి. అయితే ఆ గిరాకీ వల్లే ఒక్కోసారి రెండేళ్ల పాతదానికీ కొత్తదానికీ ధరలో పెద్ద తేడా ఉండదు. అందుకే కార్ల ధరలు చెప్పే కెల్లీ బ్లూ బుక్‌లోనూ ఎడ్మండ్స్‌లోనూ రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడు. కొత్త కారు కొంటే వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని డీలర్ చెబుతాడు. నిజమే, 2025 నుంచి 2028 దాకా, అమెరికాలోనే తుది తయారీ జరిగిన కొత్త కార్లకు ఏడాదికి 10,000 డాలర్ల వడ్డీ వరకు అది ఉంది. కానీ దానివల్ల పన్నులో కొంత తగ్గుతుంది తప్ప కట్టిన వడ్డీ తిరిగి రాదు. ఎలక్ట్రిక్ కార్లకు ఇచ్చిన 7,500 డాలర్ల రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఎవరైనా ఇంకా ఉందని చెబితే నమ్మకు.

ధర తగ్గించుకోమన్నాను కదా అని భద్రత తగ్గించుకోకు. 2024 ఆగస్టు 30న డాలస్‌కు ఉత్తరాన ఆనా దగ్గర హైవే 75 మీద అయిదు వాహనాలు ఢీకొని, కార్‌పూల్‌లో వెళ్తున్న నలుగురు భారతీయులు మంటల్లో చనిపోయారు. వాళ్లలో మన హైదరాబాద్ పిల్లలూ ఉన్నారు. ఆ వార్త వచ్చిన రోజు మా కాలనీలో పిల్లలు డాలస్‌లో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఫోన్లు మోగాయి. నువ్వు రోజూ ఎక్కబోయేది ఆ హైవేనే. వాహనం అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడల్ నుంచి ప్రతి కారులో తప్పనిసరి. వెనక కెమెరా 2018 మే నుంచి తయారైన కొత్త కార్లన్నింటిలో ఉంటుంది. నీ కారు ఆ తర్వాతిదై ఉండాలి. ముందు వాహనం దగ్గరైతే తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు ఉన్నదైతే ఇంకా మంచిది. అది ఏ మోడల్‌లో ఉందో ఐఐహెచ్‌ఎస్ రేటింగుల్లో చూడొచ్చు.

అప్పు కోసం డీలర్ గదిలో కూర్చోవద్దు. ముందే ఒక క్రెడిట్ యూనియన్‌కు, నీ బ్యాంకుకు వెళ్లి ప్రీ-అప్రూవల్ తీసుకో. కొత్తగా వచ్చినవాళ్లకు క్రెడిట్ చరిత్ర తక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ చెబుతారు. కొందరు వీసా గడువుకు మించి అప్పే ఇవ్వరు, అది నీకు మేలే. రెండు వారాల లోపు ఎన్ని చోట్ల వడ్డీ రేటు అడిగినా స్కోరు లెక్కలో మామూలుగా ఒకే విచారణ కింద చూస్తారు, మొహమాటపడకుండా అడుగు. ముందుగా తీర్చేస్తే జరిమానా ఉందేమో కాగితం మీద చూసుకో.

డీలర్ ‘నెలకు ఎంత కట్టగలరు’ అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పకు. పన్ను, టైటిల్, రిజిస్ట్రేషన్, డాక్యుమెంట్ ఫీజు అన్నీ కలిపి చివరి ధర ఎంతో ఈమెయిల్‌లో రాసి పంపమను. టెక్సస్‌లో అమ్మకపు పన్ను 6.25 శాతం, అంటే 20,000 కారుకు 1,250. సంతకాల గదిలో పొడిగించిన వారంటీ, పెయింట్ రక్షణ, కారు విలువకు మించిన బాకీని కట్టే గ్యాప్ బీమా అని ఒక్కొక్కటే కలుపుతారు. ఎక్కువ డౌన్ పేమెంట్ కట్టి తక్కువ నెలలు పెట్టుకుంటే గ్యాప్ బీమా అవసరమే రాదు. అప్పు మంజూరు ఖాయం కాకముందే ‘కారు ఇంటికి తీసుకెళ్లండి’ అంటే తీసుకెళ్లకు. తర్వాత పిలిచి ఎక్కువ వడ్డీకి మళ్లీ సంతకం అడిగే అలవాటు కొందరికి ఉంది. మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చన్న చట్టం షోరూంలో కొన్న కారుకు వర్తించదు. పాత కారు అద్దం మీద ‘బయ్యర్స్ గైడ్’ అనే కాగితం అంటించి ఉంటుంది. దాని మీద ‘యాజ్ ఈజ్’ అని ఉంటే, కొన్నాక వచ్చే మరమ్మతు ఖర్చంతా నీదే.

2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. నువ్వుండే కాలిన్, పక్కనున్న డాలస్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రమే మిగిలింది. బ్రేకులు, టైర్లు ఎలా ఉన్నాయో ప్రభుత్వం తరఫున ఇప్పుడు చూసేవాళ్లు లేరు. కాబట్టి కొనే ముందు అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌తో కారు లిఫ్ట్ మీద ఎక్కించి చూపించు. వద్దనే అమ్మకందారు దగ్గర కొనకు. 17 అక్షరాల విన్ నంబరుతో కార్‌ఫాక్స్ రిపోర్టు తీయి. అదే నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్ ఉందేమో ఉచితంగా చూడు. లోపమున్న తకాటా ఎయిర్‌బ్యాగులు మార్చని పాత కార్లు ఇంకా తిరుగుతున్నాయి, కంపెనీ డీలర్ దగ్గర వాటిని ఉచితంగా మారుస్తారు. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో లక్షల కార్లు నీట మునిగాయి. మునిగిన కార్లను శుభ్రం చేసి, వేరే రాష్ట్రంలో మచ్చలేని టైటిల్ (యాజమాన్య పత్రం) పుట్టించి అమ్మేవాళ్లు ఉంటారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, డిక్కీలో స్టెప్నీ కింద చూడు. బురద చార, తుప్పు, ముక్కిన వాసన ఉంటే వచ్చేయి.

మనవాళ్ల దగ్గరే కొన్నా పద్ధతి మారకూడదు. టైటిల్ మీద పేరూ అమ్మేవాళ్ల గుర్తింపు కార్డు మీద పేరూ ఒకటై ఉండాలి. కారు మీద బ్యాంకు లీన్ (అప్పు తాలూకు హక్కు) ఉంటే అది తీరినట్టు కాగితం ఉండాలి. ఇద్దరూ కలిసి కౌంటీ టాక్స్ ఆఫీసుకు వెళ్లి, 130-యు ఫారం అక్కడే ఇచ్చి, టైటిల్ మారాకే డబ్బు చెల్లించు. పన్ను కోసం ధర తక్కువ రాద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అమ్మిన ధర, లేదా ప్రభుత్వం లెక్కగట్టిన విలువలో 80 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే పన్ను పడుతుంది. పైగా ఆ ఫారంలో అబద్ధం రాయడం నేరం. వీసా మీద ఉన్నవాళ్లకు అలాంటి మచ్చ ఒక్కటి కూడా పనికిరాదు.

బీమా కారు కొన్నాక చూసుకునేది కాదు, కారు ఎంచుకోకముందే చూసుకోవాలి. విన్ నంబరు ఇచ్చి మూడు నాలుగు కంపెనీల్లో ధర అడుగు. తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే కొన్ని పాత హ్యుందాయ్, కియా మోడళ్లలో ఇమ్మొబిలైజర్ లేక దొంగతనాలు పెరిగి, కొన్ని కంపెనీలు కొన్ని ఊళ్లలో వాటికి కొత్త పాలసీలు ఇవ్వడం మానేశాయి. టెక్సస్ చట్టం అడిగే కనీస బీమా మనిషికి 30,000, ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. అక్కడి ఆసుపత్రి బిల్లుల ముందు ఇది చాలదు. అదే వరుసలో 100,000, 300,000, 100,000 తీసుకో. బీమా లేనివాళ్లు గుద్దితే నిన్ను కాపాడే కవరేజీ వద్దని సంతకం పెట్టమంటే పెట్టకు. నెలకు కొన్ని డాలర్లు మిగులుతాయని అందులో పొదుపు చేయవద్దు.

మీ నాన్న ఇల్లు తాకట్టు పెట్టి చదువుకు తెచ్చిన అప్పు ఇంకా నడుస్తోంది. మన బాచుపల్లిలోనూ నిజాంపేటలోనూ ఎన్నో ఇళ్ల కథ ఇదే. కొత్త కారు ముందు నిలబడి దిగిన ఫోటో బంధువుల గ్రూపుల్లో రాకపోతే నీ గౌరవం తగ్గదు. నాన్న అప్పు ఒక్క ఏడాది ముందు తీరితే ఆ ఇంటికి దక్కే నిశ్చింత చాలా పెద్దది. నాలుగేళ్ల పాత కొరోలాకూ ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడిలో వాహన పూజ చేస్తారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, స్వామికి దణ్ణం పెట్టుకుని నడుపు.

ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే తొందరపడి వచ్చిన ధరకు ఇవ్వకు. పాత కార్లు కొనే కార్‌మాక్స్ సంస్థ రాసిచ్చే ధర ఏడు రోజులు చెల్లుతుంది. దాన్ని చేతిలో పెట్టుకుని మనవాళ్లలో అడుగు. అమ్మిన రోజే టోల్‌ట్యాగ్ తీసేసి, వాహనం చేతులు మారిందని టెక్సస్ మోటారు వాహనాల శాఖ టీఎక్స్‌డీఎంవీకి తెలియజేయి. లేకపోతే కొన్నవాళ్లు తిరిగిన టోల్ బిల్లులు నీ పేరున వస్తాయి.

ఇవన్నీ ఒకేసారి గుర్తుండకపోయినా ఒక్కటి గుర్తుంచుకో. సంతకం పెట్టే ముందు అప్పు నెలలూ నీ అనుమతి నెలలూ పక్కపక్కన రాసి చూడు. అప్పు నెలలు తక్కువైతే ధైర్యంగా సంతకం పెట్టు. ఎక్కువైతే ఎంతసేపు బేరమాడి ఉన్నా సరే, నమస్కారం చెప్పి లేచి వచ్చేయి. కారు ఖాయం చేసుకునే ముందు ధర కాగితం నాకూ నాన్నకూ పంపు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య