స్కాన్‌లో తొమ్మిదా, పదా?

పెద్దపేగు లోపలి గోడ మీద మొలిచే కండనే పాలిప్ అంటారు. చాలావాటితో ముప్పు లేదు. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. పెద్దపేగును సీటీ స్కాన్‌తో చూసే సీటీ కొలనోగ్రఫీలో పాలిప్ కనబడితే ముందు తేల్చాల్సింది దాని సైజు. 2005 నాటి సీ-ర్యాడ్స్ పద్ధతి ప్రకారం 6-9 మిల్లీమీటర్లవి ఒకటో రెండో ఉంటే కొన్నాళ్లు ఆగి మళ్లీ స్కాన్ తీసే వీలుంది. 10 ఉందంటే కెమెరా గొట్టంతో లోపల చూసే కొలనోస్కోపీకి పంపాల్సిందే. ఆ ఒక్క మిల్లీమీటరును నమ్మకంగా కొలిచేవాళ్లకి పని ఉంది.

కొలవడంలో ఏముంది, మౌస్‌తో గీత గీస్తే సరి అనుకోకండి. స్కాన్ బొమ్మ వెలుగునీడల అమరికను విండో అంటారు. ఒకే పాలిప్‌ను సాఫ్ట్ టిష్యూ విండోలో చూసి, తర్వాత వెడల్పాటి కొలన్ విండోలోకి మార్చండి. అంచు కాస్త జరుగుతుంది, దాంతో పాటే అంకె కూడా. అడ్డకోత బొమ్మ మీదే కొలిస్తే, ఏటవాలుగా ఉన్న అసలు పొడవు దొరక్కపోవచ్చు. త్రీడీలో ఏ కోణం నుంచి చూస్తున్నారన్నదాన్ని బట్టి కొలత మారుతుంది. కాడ ఉంటే దాన్ని కలపకూడదు, తలనే కొలవాలి. 9ని 10గా రాస్తే ఘనపరిమాణం లెక్కలో 37 శాతం పెరిగినట్టు!

సరిగ్గా కొలవడం వేరు, ప్రతిసారీ ఒకేలా కొలవడం వేరు. ఎప్పుడూ ఒక మిల్లీమీటరు తక్కువ చూపే మనిషి నిలకడగానే తప్పు చెబుతుంటాడు. పోనీ, దేంతో సరిచూద్దాం? కొలనోస్కోపీలో తెరిచిన ఫోర్సెప్స్‌ను పక్కన పెట్టి కంటితో అంచనా వేస్తారు. ల్యాబ్‌కి వెళ్లిన ముక్క ఫార్మలిన్‌లో కుంచించుకుపోతుంది. అందుకే ఇద్దరి కొలతలను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారు. అప్పుడు కోరిలేషన్ ఎక్కువొచ్చిందని మురిసిపోవద్దు. ఆ కొలతలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో అది చెప్పదు. గణాంక నిపుణులు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో ‘లాన్సెట్’లో వివరించిన తేడాల గ్రాఫ్ నేర్చుకోండి.

ఇక ఈ పనిలోకి వచ్చే దారుల సంగతి. ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ, ఎండీ రేడియాలజీ అందరికీ తెలిసిందే. మనవాళ్లు చిన్నచూపు చూసేది బైపీసీ తర్వాత చేసే ఇమేజింగ్ టెక్నాలజీ డిగ్రీని. పేగులోకి గ్యాస్ సరిపడా ఎక్కించడం, వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి స్కాన్ తీయడం, స్లైసులు పలచగా ఉండేలా చూడడం టెక్నాలజిస్టు పని. పేగు ముడుచుకుపోయిన చోట ఎంత పేరున్న రేడియాలజిస్టు అయినా కొలిచేదేమీ ఉండదు. స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి క్లినికల్ ట్రయల్స్‌లోనూ, మెడికల్ సాఫ్ట్‌వేర్ పరీక్షల్లోనూ చోటుంది.

అయితే ఒక్క పాలిప్‌నే నమ్ముకోవద్దు. మన దగ్గర ఈ స్కాన్ కంటే కొలనోస్కోపీయే ఎక్కువ. కొలిచే నేర్పు మాత్రం ఊపిరితిత్తుల గడ్డలకీ, కిడ్నీ రాళ్లకీ, చికిత్సకి ట్యూమర్ తగ్గిందో లేదో చూడడానికీ పనికొస్తుంది.

సాధనకి పెద్ద ఖర్చేం లేదు. ‘క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్’ వెబ్‌సైట్‌లో పేర్లు తీసేసిన సీటీ కొలనోగ్రఫీ స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి, త్రీడీ స్లైసర్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. ఓ ఇరవై పాలిప్‌లు కొలిచి రాసి పెట్టుకోండి. రెండు వారాలాగి, పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలవండి. ఒక స్నేహితుడితోనూ కొలిపించండి. ఆ తేడాల గ్రాఫ్‌ను రెజ్యుమెకి జతచేసి, పక్కనే ఏ విండోలో కొలిచారో రాయండి. పని తెలిసినవాళ్లు ఇంటర్వ్యూలో ఆ విండో గురించి అడగొచ్చు.