జీపు మీద యాంటెన్నా, గాలిలో ఉప్పు

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను బయటి ప్రపంచం నుంచి తెంచేసింది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు సెల్‌ఫోన్లు మూగబోతే హ్యామ్ (ఔత్సాహిక) రేడియో వాళ్లు సెట్లు పట్టుకుని బయల్దేరారు. తుపాను తీరంలో జీపుకు రేడియో బిగించుకోవడం సరదా పనేమీ కాదు.

పరీక్ష రాసి, కేంద్ర టెలికాం శాఖ నుంచి లైసెన్సు తెచ్చుకున్నాకే ప్రసారం. మన దేశంలో హ్యాములకిచ్చిన రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. దీనికి పావు తరంగం కడ్డీ చాలు. ఎక్కువ గెయిన్ అంటూ పొడుగాటి యాంటెన్నాలు అమ్మజూపుతారు గానీ, రోడ్డు మీదికి వాలిన కొమ్మల కింద, పెనుగాలిలో పొట్టిదే నిలబడుతుంది.

బిగించాల్సింది పైకప్పు నడిమధ్య. కడ్డీ సగం యాంటెన్నాయే, రెండో సగం దాని కిందున్న ఇనుప రేకు. బంపరుకు తగిలిస్తే సిగ్నల్ ఒక పక్కకే మొగ్గుతుంది. గుడ్డ టాపు జీపైతే యాంటెన్నా అడుగునున్న అయస్కాంతం అంటదు, బానెట్టే దిక్కు. కేబుల్‌ను తలుపు రబ్బరు పక్కనుంచి నలగకుండా లోపలికి తేవాలి. సెట్టుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే, ఫ్యూజు బ్యాటరీ దగ్గరే.

ఇక ట్యూనింగ్. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం 51.7 సెంటీమీటర్లు, ఆచరణలో కడ్డీ 49 దగ్గర కుదురుతుంది. అయినా 52తోనే మొదలెట్టండి, కత్తిరించింది మళ్లీ అతకదు. కరెంటు తీగలూ చెట్లూ లేని చోట జీపు ఆపి, తలుపులు మూసి, కడ్డీ దగ్గర మనుషుల్లేకుండా చూసి, తక్కువ పవర్‌తో, ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీలో, మీ కాల్ సైన్ చెప్పి క్షణం సేపు ప్రసారం మీట నొక్కండి. బ్యాండు మొదట్లో, మధ్యలో, చివర ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో మీటరు చూపే అంకె) రాసుకోండి. మొదట్లో తక్కువ, చివర ఎక్కువ వస్తే కడ్డీ పొడుగైనట్టు. మూడు మిల్లీమీటర్లు తీస్తే ట్యూనింగ్ దాదాపు ఒక మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. మధ్యలో 1.5 లోపు వస్తే ఆపేయండి. అప్పటికి వెనక్కి వచ్చే శక్తి 4 శాతమే, 1.1 కోసం ఇంకా కత్తిరించడం వట్టి చాదస్తం.

దూరం మాటకొస్తే, కృష్ణా డెల్టాలో అడ్డొచ్చే కొండ లేదు, ఎక్కడానికీ కొండ లేదు. రెండు మీటర్ల ఎత్తున్న రెండు జీపుల మధ్య నేల వంపు లెక్క పన్నెండు కిలోమీటర్ల లోపే. మచిలీపట్నం నుంచి అవనిగడ్డకు జీపూ జీపూ మాట్లాడుకుంటాయని నమ్ముకోవద్దు. మధ్యలో ఎత్తైన మేడ మీద ఒక స్టేషన్ ఉండాలి.

సముద్రానికి దూరంగా గుడివాడలో ఇంతటితో పని అయిపోయిందనుకోవచ్చు. మంగినపూడి, నాగాయలంక వైపు తిరిగే బండికి మాత్రం అసలు పని ఇప్పుడే మొదలు. అయస్కాంతం కింద చేరిన ఉప్పు తడి రంగును తినేసి రేకును తుప్పు పట్టిస్తుంది. వారానికోసారైనా ఎత్తి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి పెట్టాలి. బయటున్న ప్రతి కనెక్టరుకూ సాగదీస్తే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి, పైన మామూలు నల్ల టేపు వేయాలి. నల్ల టేపు ఒక్కటే చుడితే ఎండాకాలానికి దాని జిగురు కారిపోతుంది. కేబుల్ తలుపులోకి దూరేముందు కిందికి ఒక వంపు వదిలితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి.

కేబుల్ లోపలికి నీరు దిగితే దాని జల్లెడ తీగ నల్లబడుతుంది. అప్పుడు మీటరు మోసం చేస్తుంది: పాడైన కేబుల్ శక్తిని తనే మింగేయడంతో వెనక్కి వచ్చేది తగ్గి, అంకె మునుపటికన్నా బాగా కనబడుతుంది. ఏమీ చేయకుండానే ఎస్‌డబ్ల్యూఆర్ మెరుగైతే సంతోషించకండి. యాంటెన్నా విప్పి, కేబుల్ చివర ఖాళీగా వదిలి, ఎనలైజరుతో చూడండి. బాగున్న పొట్టి కేబుల్‌కు చాలా పెద్ద అంకె రావాలి. మూడు దగ్గరే ఆగితే మీ సెట్టు శక్తిలో సగం కేబుల్‌లోనే వేడిగా పోతోంది. కనెక్టరు మార్చి లాభం లేదు, కేబుల్ మొత్తం తీసేయండి.