కరెంటు పోయినపుడు కంప్యూటరు రక్షణ

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు 2019 అక్టోబరు 2న ప్రారంభమైనవి. దేశమందలి పంచాయతీల లెక్కలకై ఈ-గ్రామస్వరాజ్ అను ఏర్పాటు 2020 ఏప్రిల్ 24న కలిగినది. ధ్రువపత్రములు, దరఖాస్తులు, పంచాయతీ లెక్కలు నేడు కంప్యూటరు మూలముననే జరుగుచున్నవి. ఈ పనులు చేయు దుకాణములును పెక్కు గ్రామములలో వెలసినవి. యంత్రము చెడినచో నష్టము దుకాణదారునికే కాదు. కూలి మానుకొని ధ్రువపత్రమునకై వచ్చినవానికిని నష్టమే. కావున దాని రక్షణను గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరమని తలంచుచున్నాము.

నష్టమెట్లు కలుగును?

ఇందు రెండు విధములు కలవు. కరెంటు హఠాత్తుగా పోయినచో అంతవరకు భద్రపరచని సమాచారము పోవును. డిస్కుపై వ్రాయుచున్న ఫైలు చెడిపోవచ్చును. ఇది మొదటిది.

వోల్టేజి ఒడుదుడుకులు రెండవది. మన ఇండ్లకు 230 వోల్టులు రావలెను. స్తంభముపై న్యూట్రల్ తీగ తెగినచో కొన్ని ఇండ్లకు వోల్టేజి తగ్గి, మరికొన్నింటికి 400 వోల్టుల దరిదాపునకు పెరుగవచ్చును. అపుడు యంత్రములు కాలిపోవును. కొన్ని దీపములు మసకగాను, కొన్ని మిక్కిలి ప్రకాశముగాను వెలుగుట దీనికి గుర్తు. వెంటనే మెయిన్ స్విచ్చి ఆపి లైన్‌మన్‌కు తెలుపవలెను.

యూపీఎస్ ఎంతసేపు ఆదుకొనును?

చిన్న యూపీఎస్‌లో సాధారణముగా 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉండును. అనగా 84 వాట్-గంటల శక్తి. కంప్యూటరు, తెర కలిసి 150 వాట్లు వాడినచో లెక్కకు అరగంట రావలెను. కాని బ్యాటరీ నుండి వేగముగా శక్తిని లాగుటవలన పావుగంటకు మించి ఆశింపరాదు. పని భద్రపరచి యంత్రమును క్రమముగా ఆపుటకే ఈ వ్యవధి. పని సాగించుటకు కాదు.

పాటింపవలసిన నియమములు

1. లేజరు ప్రింటరును యూపీఎస్‌కు తగిలింపరాదు. కాగితముపై రంగును కరగించుటకు అది ఒక్కసారిగా అధిక విద్యుత్తును లాగును.

2. గోడలోని ప్లగ్గుకు సరియైన ఎర్తింగు ఉండవలెను. వేసవిలో ఎర్తు గుంతకు నీరు పోయుచుండవలెను.

3. ఉరుములు, మెరుపులు రాకమునుపే కరెంటు ప్లగ్గును, ఇంటర్నెట్ తీగను తీసివేయవలెను. పిడుగుపాటునుండి యూపీఎస్ రక్షింపజాలదు.

4. నెలకొకసారి, పని భద్రపరచిన పిదప, గోడ స్విచ్చి ఆపి బ్యాటరీ ఎన్ని నిమిషములు నిలుచునో చూడవలెను. ఇందుకై ప్లగ్గును పెరుకరాదు, ఎర్తు తెగును.

5. సమాచారమునకు మరియొక ప్రతిని వేరొకచోట భద్రపరచవలెను.

పంచాయతీ కర్తవ్యము

పంచాయతీ భవనములోను, అద్దెకిచ్చిన దుకాణములలోను వైరింగు, ఎర్తింగు సరిగా ఉన్నవో లేవో వర్షాకాలమునకు ముందే ఎలక్ట్రీషియన్‌చే పరీక్షింపజేయవలెను. బ్యాటరీ కొన్న తేదీని, నెలవారీ పరీక్షలో నిలిచిన నిమిషములను ఒక పుస్తకమున వ్రాయించవలెను. నిమిషములు సగమునకు తగ్గినపుడు క్రొత్త బ్యాటరీ కొనుట మంచిది. దాని వెల స్వల్పము. పోయిన లెక్కలను మరల వ్రాయుట మిక్కిలి కష్టము. రాబోవు సమావేశముననే సభ్యులు ఈ విషయమును చర్చించి, ఈ బాధ్యతను ఒకరికి అప్పగింతురని ఆశించుచున్నాము.