లెన్స్ బిగిసినంత మాత్రాన ఫోకస్ కుదురుతుందా?

మనలాంటి వసతిగృహాల్లో చదువుకుని వెళ్లిన వారిలో కొందరు ఈనాడు కెమెరానే నమ్ముకుని బతుకుతున్నారు. పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, పుట్టినరోజులు, సభలు, సన్మానాలు ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్తారు. ఈ వృత్తిలోకి రావాలనుకునే వారికి మొదటి అడ్డంకి పెట్టుబడి. కెమెరా కంపెనీవాళ్లు తయారుచేసే లెన్సుల ధర వింటేనే గుండె గుభేలుమంటుంది. అందుకే చాలామంది వేరే కంపెనీ లెన్సో, ఒకరు వాడి అమ్మిన లెన్సో కొంటారు. అందులో తప్పేమీ లేదు. వాటిలో ఎంతో మంచి లెన్సులు ఉన్నాయి.

అయితే కొన్ని లెన్సులు కెమెరాకు చక్కగా బిగుస్తాయి గాని ఆటో ఫోకస్ చేయవు. మరికొన్ని చేస్తాయి గాని తప్పుగా చేస్తాయి. తాళి కట్టే క్షణం రెండోసారి రాదు. అప్పుచేసి కొన్న లెన్స్ ఆ క్షణంలో మొరాయిస్తే పోయేది ఒక్క ఫొటో మాత్రమే కాదు, మళ్లీ పని ఇచ్చే ఇల్లు కూడా. కాబట్టి ఈ సమస్య ఎందుకు వస్తుందో, కొనేముందే ఎలా పసిగట్టాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఆటో ఫోకస్ ఎలా జరుగుతుంది?

అద్దం ఉన్న డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్స్ ఒక పక్క నుండి వచ్చిన వెలుగునూ, రెండో పక్క నుండి వచ్చిన వెలుగునూ అడుగున ఉన్న చిన్న సెన్సార్ విడివిడిగా చూస్తుంది. మన రెండు కళ్లు దూరాన్ని అంచనా వేసినట్లే ఇదీను. ఆ రెండు ప్రతిబింబాల మధ్య తేడాను బట్టి ఎటువైపు, ఎంత జరగాలో కెమెరా లెక్కగట్టి లెన్స్‌కు ఆజ్ఞ ఇస్తుంది. లెన్స్ జరిగి, జరిగానని జవాబు చెబుతుంది. లెన్స్ వెనుక కనిపించే బంగారు రంగు చుక్కల ద్వారానే ఈ మాటలు నడుస్తాయి.

దీన్నిబట్టి మనకు ఒక ముఖ్య విషయం తెలుస్తుంది. ఆటో ఫోకస్ అనేది లెన్స్ ఒక్కదాని గుణమూ కాదు, కెమెరా ఒక్కదాని గుణమూ కాదు. ఆ రెండింటి మధ్య జరిగే సంభాషణ. మంచి లెన్స్, మంచి కెమెరా అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోతే ఫోకస్ కుదరదు.

వేరే కంపెనీ లెన్సులకే చిక్కు ఎందుకు?

జపాన్‌కు చెందిన సిగ్మా, టామ్రాన్, టోకినా కంపెనీలు చాలాకాలంగా కెనాన్, నికాన్ కెమెరాలకు సరిపోయే లెన్సులు తయారుచేస్తున్నాయి. కెమెరా కంపెనీలు తమ సంభాషణ రహస్యాన్ని సాధారణంగా బయటపెట్టవు. అందువల్ల లెన్స్ కంపెనీలు అసలు లెన్సుకూ కెమెరాకూ మధ్య నడిచే సంకేతాలను గమనించి, దాన్నిబట్టి తమ లెన్స్ చిప్‌ను తయారుచేసుకోవలసి వచ్చింది.

దీన్ని మన హాస్టల్ హాజరుతో పోల్చవచ్చు. రోజూ పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనడం ఒక కుర్రాడు విని నేర్చుకున్నాడు. కొత్త వార్డెన్ గారు వచ్చి పేరు బదులు నంబరు పిలిచారు. తన నంబరు తెలియని కుర్రాడు నోరు మెదపడు. ఉన్నా లేనట్టే లెక్క. కొత్త కెమెరా కొత్త ఆజ్ఞలు ఇచ్చినప్పుడు పాత లెన్స్ పరిస్థితి అదే.

సమస్యల్లో రకాలు

1. మోటారు లేకపోవడం: కెనాన్ కంపెనీ 1987లో ఈఓఎస్ కెమెరాలు తెచ్చినప్పుడు ఫోకస్ మోటారును లెన్సులోనే పెట్టింది. నికాన్ 1959 నాటి మౌంటునే కొనసాగిస్తూ మోటారును కెమెరాలో పెట్టింది. తరువాత కాలంలో మోటారు ఉన్న లెన్సులు వచ్చాయి. 2006లో వచ్చిన డి40 నుండి నికాన్ తన చవక కెమెరాల్లో మోటారు తీసేసింది. డి3000, డి5000 వరుసల కెమెరాలన్నీ ఇలాంటివే. వీటికి మోటారు లేని లెన్స్ బిగిస్తే ఫొటో వస్తుంది గాని ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. అదే లెన్స్ డి90, డి7000 మీద చక్కగా ఆటో ఫోకస్ చేస్తుంది. టోకినా 11-16 ఎం.ఎం. లెన్స్ నికాన్ మోడల్‌లో మొదటి రకానికి మోటారు లేదు, రెండో రకానికి ఉంది. పేరు ఒకటే కదా అని కొంటే ఇబ్బందే.

2. ఎర్రర్ చూపడం: ఫిల్మ్ కాలపు కెనాన్ కెమెరాల మీద బాగా పనిచేసిన పాత సిగ్మా లెన్సులు కొన్ని డిజిటల్ కెమెరాల మీద "ఎర్రర్ 99" అనో "ఎర్రర్ 01" అనో చూపి ఆగిపోతాయి. ఇక్కడే మోసపోయే అవకాశం ఎక్కువ. మనం ఫోకస్ చేస్తున్నంతసేపూ లెన్స్ కన్ను పూర్తిగా తెరిచే ఉంటుంది. కాబట్టి దుకాణంలో ఫోకస్ బాగానే కుదురుతుంది. ఎఫ్/8 పెట్టి బటన్ నొక్కినప్పుడు, కన్ను చిన్నది చేయమనే ఆజ్ఞ అర్థంకాక లెన్స్ నిలిచిపోతుంది. కొంతకాలం సిగ్మా కంపెనీ కొన్ని మోడళ్లకు చిప్ మార్చి ఇచ్చింది. మరీ పాతవాటికి ఆ దారి లేదు.

3. ముందుకో వెనక్కో కుదరడం: లెన్స్ ఇచ్చే కొలతకూ కెమెరా లెక్కకూ కొద్ది తేడా ఉంటే కంటి మీద పెట్టిన ఫోకస్ ముక్కు మీదనో, చెవి మీదనో పడుతుంది. అసలు కంపెనీ లెన్సుల్లోనూ ఇది ఉండవచ్చు. ఎంత తేడా వస్తే చిక్కో ఒక లెక్క చూద్దాం. సాధారణ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. మీద 50 ఎం.ఎం. లెన్స్ ఎఫ్/1.8 దగ్గర పెట్టి 2 మీటర్ల దూరంలో మనిషిని తీస్తే స్పష్టంగా వచ్చే మందం సుమారు 11 సెంటీమీటర్లు. 1 మీటరు దగ్గరకు వస్తే అది 3 సెంటీమీటర్లు కూడా ఉండదు. అంటే రెండు వేళ్ల వెడల్పు పొరపాటు చాలు, ముఖం మసకబారడానికి.

4. లైవ్ వ్యూలో తడబడటం: వెనుక తెర మీద చూస్తూ తీసేటప్పుడు కెమెరా వేరే పద్ధతిలో ఫోకస్ చేస్తుంది. లెన్స్ చిన్నచిన్న అడుగులు వేస్తూ ముందుకూ వెనక్కూ చాలాసార్లు కదలాలి. అందుకు తయారుకాని పాత లెన్స్ నత్తలా నడుస్తుంది, లేదా అసలు ఆగదు. 2013లో నికాన్ డి5300 వచ్చినప్పుడు కొన్ని సిగ్మా లెన్సులు దాని లైవ్ వ్యూతో సరిగా పనిచేయలేదు. తరువాత ఆ కంపెనీ లెన్సు లోపలి ఫర్మ్‌వేర్‌ను సవరించింది.

ఇదంతా వేరే కంపెనీ లెన్సుల దోషమేనని అనుకోరాదు. నికాన్ 2016లో తెచ్చిన సొంత ఎ.ఎఫ్-పి లెన్సులు ఆ కంపెనీదే అయిన డి90 మీద ఫోకస్ చేయవు.

అద్దం లేని కెమెరాల సంగతి

ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫొటో తీసే సెన్సారే ఫోకస్‌నూ కొలుస్తుంది. కాబట్టి మూడో రకం సమస్య చాలావరకు తగ్గిపోయింది. సంభాషణ సమస్య మాత్రం పోలేదు. నికాన్ 2018లో పాత లెన్సుల కోసం ఇచ్చిన ఎఫ్.టి.జెడ్. అడాప్టర్‌లో మోటారు లేదు. కాబట్టి మోటారు లేని లెన్సులకు దాని మీదా చేతి ఫోకస్సే గతి.

కంపెనీల తీరు కూడా ఒక్కటి కాదు. సోనీ 2011లోనే తన ఈ-మౌంట్ ప్రాథమిక వివరాలను ఇతర తయారీదారులకు ఇచ్చింది. అందుకే దానికి లెన్సులు విరివిగా వచ్చాయి. కెనాన్ 2018లో తెచ్చిన ఆర్.ఎఫ్. మౌంట్ విషయంలో ఎంతోకాలం తలుపు తెరవలేదు. 2022లో విల్ట్రాక్స్ కంపెనీ ఆ మౌంట్ ఆటో ఫోకస్ లెన్సుల అమ్మకం ఆపవలసి వచ్చింది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లు కెనాన్ అనుమతితో చిన్న సెన్సార్ కెమెరాలకు లెన్సులు ప్రకటించాయి. తలుపు తీసే అధికారం కంపెనీ చేతిలో ఉంటే, ఎక్కువ ధర చెల్లించవలసి వచ్చేది మనలాంటి వారే.

కొనేముందు చేయవలసిన పరీక్షలు

1. మన కెమెరానే వెంట తీసుకెళ్లాలి. అమ్మేవారి కెమెరా మీద పనిచేస్తే చాలదు.

2. నికాన్ లెన్స్ అయితే వెనుక లోహపు చట్రం మీద స్క్రూ తలలాంటి చిన్న గాడి ఉందేమో చూడాలి. గాడి ఉంటే చాలావరకు ఆ లెన్సుకు సొంత మోటారు లేనట్టే.

3. ఎఫ్/8, ఎఫ్/11 పెట్టి కనీసం పది ఫొటోలు తీయాలి. ఎర్రర్ వస్తే బంగారు చుక్కలను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ తీయాలి. అయినా వస్తే ఆ లెన్స్ వదిలేయాలి.

4. మూడు గ్లాసులను బల్ల మీద ఏటవాలుగా, ఒకదాని వెనుక ఒకటి పెట్టాలి. కెమెరా కదలకుండా ఉంచి, లెన్స్ కన్ను పూర్తిగా తెరిచి, నడిమి గ్లాసు మీద ఫోకస్ చేసి తీయాలి. ప్రతిసారీ ఫోకస్ చెదరగొట్టి ఐదారుసార్లు తీయాలి. తెర మీద పెద్దది చేసి చూస్తే, ప్రతిసారీ ముందు గ్లాసో వెనుక గ్లాసో స్పష్టంగా ఉందంటే తేడా ఉన్నట్టు.

5. లైవ్ వ్యూలోనూ, తక్కువ వెలుతురులోనూ చూడాలి. ఫంక్షన్ హాలు వెలుతురు దుకాణం వెలుతురులా ఉండదు.

ఇప్పటికే కొన్నవారికి దారులు

ఎప్పుడూ ఒకే వైపు తేడా వస్తుంటే 2007 తరువాతి కొన్ని ఖరీదైన కెమెరాల్లో దాన్ని మనమే సరిచేసుకునే ఏర్పాటు ఉంది. తేడా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి వస్తుంటే మాత్రం అది కుదరదు. సిగ్మా 2013లో, టామ్రాన్ 2016లో తెచ్చిన చిన్న డాక్ పరికరాలతో ఆయా కంపెనీల కొత్త తరం లెన్సుల ఫర్మ్‌వేర్‌ను కంప్యూటర్ ద్వారా మార్చవచ్చు. విల్ట్రాక్స్ లెన్సుల్లో చాలావాటికి యు.ఎస్.బి. రంధ్రం లెన్సుకే ఉంటుంది. కెమెరా ఫర్మ్‌వేర్ మార్చేముందు మాత్రం, ఆ మార్పు తరువాత మన లెన్స్ పనిచేస్తుందో లేదో లెన్స్ కంపెనీ ప్రకటన చూసుకోవాలి. రేపు పెళ్లి పెట్టుకుని ఈ రాత్రి ఆ పని చేయరాదు.

మిత్రులారా! తాళంచెవి తాళంలో దూరడం వేరు, తాళం తెరుచుకోవడం వేరు. మౌంట్ కలిసింది కదా అని డబ్బు లెక్కపెట్టవద్దు. ఏ లెన్స్ మంచిదని అడగడం కన్నా, నా కెమెరాతో ఈ లెన్స్ మాట్లాడుతుందా అని అడగడం మేలు. ఆ పరీక్షకు పట్టేది అరగంట. అది చేయకపోతే పోయేది కొన్ని నెలల సంపాదన. కెమెరా పట్టబోయే మా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు ఉపయోగపడితే మా శ్రమ ఫలించినట్లే.